చీర తిరగేసి చూడండి!

ఆ మధ్య మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కని ఓ చీర కొన్నాను. నెమలికంఠం రంగు, మామిడిపండు రంగు అంచు, ఒళ్లంతా పోచంపల్లి గళ్లు. "పోచంపల్లి మేడమ్, లేటెస్ట్ డిజైన్" అంటూ సేల్స్ అమ్మాయి నా భుజమ్మీద వేసి అద్దం ముందు నిలబెట్టింది. ఇంకేముంది, పడిపోయాను. ఇంటికొచ్చి గొప్పగా అత్తమ్మ ఒళ్లో పెట్టాను. ఆవిడ కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. చెంగు ఒకసారి తిరగేసింది, రెండు వేళ్లతో నలిపింది, మడతపెట్టి నా చేతిలో పెట్టేసింది.

"ఇది నేసింది కాదు బిడ్డా, అద్దింది."

గబగబా నేనూ తిరగేశాను. వెనకవైపు రంగంతా వెలిసిపోయినట్టు తెల్లతెల్లగా ఉంది. ముందు నెమలి, వెనక ఈకలు పీకిన కోడి! అక్షరాలా అయిదున్నర వేలు. మనసు చివుక్కుమంది. డబ్బు పోయినందుకు సగం బాధ. డిగ్రీ చదివి, కథలు రాసి, పత్రికల్లో పేరు చూసుకుని మురిసిపోయే నాకు తెలియనిది, నాలుగో క్లాసుతో బడి మానేసిన అత్తమ్మకి వేళ్లతో తెలిసిపోయినందుకు మిగతా సగం.

అత్తమ్మది చౌటుప్పల్ దగ్గరి పల్లె. వాళ్లది నేత కుటుంబం కాదు. కానీ పక్కింట్లో మగ్గం ఉండేదట. చిన్నప్పుడు ఆ చప్పుడు వింటూనే నిద్రలేచేవాళ్లట. నాదేమో ఖమ్మం. చీరంటే షాపులో అద్దాల బీరువాలోంచి దిగి వచ్చే వస్తువు.

ఆ సాయంత్రమే ఇంట్లో ఇంకో గొడవ. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. "డాడీ, నేను నిఫ్ట్ ఎంట్రన్స్ రాస్తాను. డిజైన్ చదువుతాను" అంది అన్నం తింటూ. మా వారు మాదాపూర్లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తారు. మంచి మనిషే. కానీ నోరు జారారు. "నాలుగేళ్లు చదివి జాకెట్లు కుడతావా? మన సందు చివర దర్జీ ఏ కాలేజీకి వెళ్లాడు?"

అది నా వైపు చూసింది. నేనేదైనా అంటానేమోనని. నేను మజ్జిగ తెస్తానంటూ వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ చూపు మాత్రం నన్ను వదల్లేదు. బట్టల్లో ఉన్నది కళేనా, కుట్టుపనేనా, షోకేనా? పాట కళ అంటే ఎవరూ కాదనరు. బొమ్మ కళ అంటే కాదనరు. ఒంటిమీద కట్టుకునేదాన్ని కళ అంటే మాత్రం "అబ్బో!" అంటారు. అదేం న్యాయమో!

బస్టాపులో ఫ్యాషన్ షో

మేం కొండాపూర్లో ఉంటాం. మర్నాటి నుంచీ నాకో కొత్త అలవాటు పట్టుకుంది. కూరగాయలకని వెళ్లి, సైబర్ టవర్స్ దగ్గర బస్టాపులో ఓ పావుగంట నిలబడి వచ్చేపోయేవాళ్లని చూడటం. ఏమాటకామాటే చెప్పుకోవాలి, టీవీలో చూసే ఫ్యాషన్ షోలు దాని ముందు దిగదుడుపే.

మెళ్లో ఆఫీసు ట్యాగు, మోచేతుల దాకా మడిచిన కాటన్ కుర్తా, కాళ్లకి పరిగెత్తే బూట్లు. ఒకమ్మాయి వాళ్లమ్మ పాత గద్వాల చీరని పొడుగు గౌనుగా కుట్టించుకుంది. అంచు సరిగ్గా పాదాల దగ్గరికి వచ్చేలా! ఆ పాత చీరకి ఎంత మర్యాద చేసిందో అనిపించింది. ఇంకో అమ్మాయి ఒంటిమీద వేలల్లో ఖరీదు చేసే బట్టలు, కానీ అడుగుతీసి అడుగు వేయలేకపోతోంది. డ్రెస్ ఆమెని తొడుక్కున్నట్టుంది.

అక్కడే, రోడ్డు పక్కన కొత్త బిల్డింగు కడుతున్న చోట, చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని ఇటుకలు మోసే ఆడవాళ్లు కనిపిస్తారు. రోజూ చూస్తాం, ఎప్పుడైనా నిలబడి చూశామా? చొక్కా ఎండనీ సిమెంటు దుమ్మునీ ఆపుతుంది. చెంగు జారకుండా పట్టి ఉంచుతుంది. జేబులో తాళంచెవీ, డబ్బులూ. తలమీది తువ్వాలు తట్టకి చుట్టకుదురు. ఇది ఏ డిజైనరూ గీసివ్వలేదు. అవసరం గీసింది. నన్నడిగితే ఆ మొత్తం ఐటీ రోడ్డులో అన్నిటికన్నా తెలివైన డిజైను అదే.

జేబంటే గుర్తొచ్చింది. మన డ్రెస్సులకి జేబులెందుకుండవండీ? ఓసారి మా దర్జీని చుడీదార్‌కి జేబు పెట్టమంటే "ఆడవాళ్ల డ్రెస్‌కి జేబేంటమ్మా, షేప్ పోదూ!" అని నవ్వాడు. షేప్ సంగతి సరే, సెల్‌ఫోన్ ఎక్కడ పెట్టుకోవాలి? ఇంటి తాళంచెవి ఎక్కడ? డిజైన్ అంటే అందం ఒక్కటే కాదు, తొడుక్కునే మనిషి రోజంతా ఏం చేస్తుందో తెలుసుకోవడం అని ఆ దర్జీ నవ్వే నాకు నేర్పింది. ఆ చదువేదో నేర్పించే కాలేజీ ఉంటే తప్పేమిటి?

ఉంది కూడా. మనూళ్లోనే ఉంది. నిఫ్ట్ హైదరాబాద్ మొదలైంది 1995లో. దాని కాంపస్ మాదాపూర్లో. దానికి దగ్గర్లోనే ఉన్న శిల్పారామం 1992లో వచ్చింది. సైబర్ టవర్స్‌ని ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబర్లో. అంటే చూడండి, మాదాపూర్ బండరాళ్ల మధ్యకి కంప్యూటర్ల కన్నా ముందు వచ్చినవి మట్టికుండలూ, చేనేత చీరలూను! ఈ తేదీలు చెబితే మా వారు "అలాగా" అన్నారు. అంతే.

నిఫ్ట్ ప్రవేశ పరీక్షలో బొమ్మలు గీయించడం ఒకటే కాదట. అందులో నెగ్గినవాళ్లని పిలిచి, కాసిని వస్తువులు చేతికిచ్చి, అప్పటికప్పుడు ఏదో ఒకటి తయారుచేసి చూపించమంటారట. మా అమ్మాయి చెబితే తెలిసింది. లెక్కలకి కోచింగ్ ఉంది గానీ, చేతికి కోచింగ్ ఏముంటుంది!

తొమ్మిది వేల సార్లు

ఓ ఆదివారం అత్తమ్మే అంది, "పోరిని పోచంపల్లి తీసుకపోదాం. చూస్తే ఇద్దరికీ తెలుస్తది" అని. ఇద్దరంటే ఎవరెవరో చెప్పలేదు గానీ, మా వారు కారు తీయక తప్పలేదు.

పోచంపల్లి అనగానే వినోబా భావే, 1951 నాటి భూదానం గుర్తుకొస్తాయి. చీరలకీ అంతే పేరు. కానీ చీర ఎలా పుడుతుందో నాకు అప్పటిదాకా సరిగ్గా తెలీదంటే నమ్మండి. బట్ట నేశాక దానిమీద డిజైన్ వేస్తారని కదా మనం అనుకుంటాం? ఇక్కడ అంతా తలకిందులు. బట్ట ఇంకా పుట్టకముందే, నూలు పోగుల మీదే డిజైన్ వేస్తారు. పోగుల్ని బిగువుగా చాచి, కాగితం మీది గళ్ల లెక్క ప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. దాన్నే చిటికి కట్టడం అంటారు. రంగులో ముంచి తీస్తారు. కట్లు విప్పి, మరోచోట కట్టి, మరో రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. ఆ పోగుల్ని ఆరబెట్టినప్పుడు చూస్తే అక్కడా ఇక్కడా రంగు మచ్చలే, బొమ్మ ఏమీ కనిపించదు. మగ్గమెక్కి నేస్తూ ఉంటే పోగు పక్కన పోగు చేరి, మచ్చ పక్కన మచ్చ కుదురుకుని, చిలకో ఏనుగో కళ్లు తెరుస్తుంది.

పడుగూ పేకా రెండిటికీ అలా కట్టి నేస్తే దాన్ని డబుల్ ఇక్కత్ అంటారు. ఈ విద్య తెలిసిన చోట్లు ప్రపంచంలోనే బహు తక్కువ. గుజరాత్‌లో పటోలా నేసే పటాన్, ఇండోనేషియాలో బాలి దీవిలోని తెంగనాన్ అనే పల్లె, జపాన్, ఆ తర్వాత మన పోచంపల్లి, పుట్టపాక. ఇక్కత్ అన్న మాట కూడా అటునుంచి వచ్చిందే, కట్టడం అని అర్థం. మనవాళ్లు చిటికి అంటారు, వాళ్లు ఇక్కత్ అన్నారు.

ఇప్పుడు అర్థమైంది కదా, అత్తమ్మ చీరని ఎందుకు తిరగేసిందో! పోగుకే రంగు పట్టింది కాబట్టి నిజమైన ఇక్కత్‌కి ముందూ వెనకా ఒక్కలాగే ఉంటాయి. బొమ్మ అంచులు గీత గీసినట్టు ఉండవు, రంగు కొంచెం పాకినట్టు, ఈకలా ఉంటాయి. అద్దిన చీరకైతే అంచులు కత్తిరించినట్టు నున్నగా వస్తాయి. ఇంకో ఆనవాలు కూడా అత్తమ్మ చూపించింది. నేసేటప్పుడు బట్ట బిగువుగా ఉండటానికి అడ్డంగా పెట్టే బద్ద మొనలు గుచ్చుకుని, అంచుల వెంబడి సన్నసన్నని చిల్లులు ఉంటాయి. అవి కనిపిస్తే లోపం అనుకుని షాపువాడితో పోట్లాడకండి. అది చేతిపనికి సాక్ష్యం. 2006 నుంచి చేనేతకి హ్యాండ్లూమ్ మార్క్ అని ఓ గుర్తు కూడా ఇస్తున్నారు. చీరకి ఆ చీటీ ఉందేమో అడగండి. నేను అడగలేదు, అనుభవించాను.

మేం వెళ్లిన ఇంట్లో అరుగు మీద ఓ పాత ఆసు ఉంది. ఒకవైపు మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరసగా చీలలు. పేక నూలుని ఆ మేకు నుంచి చీలకీ, చీల నుంచి మేకుకీ చేత్తో తిప్పుతూ చుట్టాలి. ఒక్క చీరకి తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిరగాలి. రోజుకి రెండు చీరలకి ఆసు పోస్తే పద్ధెనిమిది వేల సార్లు! పోసేది ఎవరనుకున్నారు? ఆడవాళ్లే. భుజాలు పడిపోయేదీ వాళ్లకే. మగ్గం మీద కూర్చున్నవాడి పేరు చెబుతాం గానీ, ఆ ముందు పని చేసిన తల్లి పేరు ఎవరు చెబుతారు?

ఒక కొడుకు చెప్పాడు. ఆలేరు దగ్గర శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం. ఆరో తరగతితో చదువాపేసిన మనిషి. ఆసు పోసీ పోసీ వాళ్లమ్మ లక్ష్మిగారి భుజం నొప్పులు చూడలేక, ఏళ్ల తరబడి అప్పులు చేసి, అందరిచేతా వెర్రివాడనిపించుకుని, 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. చేత్తో నాలుగైదు గంటలు పట్టేది గంటన్నరకి వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది, చాలామంది చూసే ఉంటారు.

ఆ అరుగు మీద మా వారు ఎంతసేపు నిలబడ్డారో! "ఒకసారి పోసి చూడండి" అంది ఆ ఇంటావిడ నవ్వుతూ. ఆయన చెయ్యి తిప్పడం మొదలుపెట్టారు. నలభై దాకా లెక్కపెట్టి ఆపేశారు. మా అమ్మాయి మాత్రం మూలన కూర్చుని ఆసునే బొమ్మ గీసుకుంటోంది.

బయట పట్టు, లోపల నూలు

దర్గా హుస్సేన్ షావలీ అంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రాయదుర్గం దగ్గర, ఇప్పుడు చుట్టూ అద్దాల మేడలే. ఆ మేడల నడుమ ఓ బడి ఆవరణలో మగ్గాలుంటాయని మీకు తెలుసా? నాకు కొన్నేళ్ల క్రితం ఓ స్నేహితురాలు చూపించేదాకా తెలీదు. అప్పుడేదో చూసి వచ్చేశాను. పోచంపల్లి నుంచి వచ్చాక మళ్లీ అదే మనసులో మెదిలింది.

ఆ మగ్గాలు పెట్టించినావిడ సురయ్యా హసన్ బోస్. 1928లో పుట్టారు. తండ్రి బద్రుల్ హసన్ గాంధీగారి బాటలో నడిచిన మనిషి. పినతండ్రి ఆబిద్ హసన్ నేతాజీతో పాటు 1943లో జలాంతర్గామిలో ప్రయాణించిన వీరుడు. జైహింద్ అన్న నినాదం ఆయన సూచించిందేనని చెబుతారు. సురయ్యాగారు పెళ్లాడింది నేతాజీ అన్న కొడుకు అరవిందో బోస్‌ని. ఇంత చరిత్ర ఉన్న ఇంటావిడ, ఇంకెవరైనా అయితే ఆ పేర్లు చెప్పుకునే బతికేసేవారు. ఈవిడ మాత్రం నిజాం నాటి హిమ్రూ, మష్రూ నేతలు కళ్లముందే మాయమైపోతుంటే చూస్తూ ఊరుకోలేదు. మగ్గాలు పెట్టించి, ఆ చుట్టుపక్కల ఆడవాళ్లకి, ముఖ్యంగా భర్త పోయి దిక్కులేనివాళ్లకి నేత నేర్పించారు. వాళ్ల పిల్లల కోసం పక్కనే బడి. పినతండ్రి జ్ఞాపకార్థం దానికి సఫ్రానీ మెమోరియల్ స్కూలని పేరు. తల్లి మగ్గం మీద, పిల్ల బల్ల మీద! 2021లో, తొంభై మూడో ఏట ఆవిడ వెళ్లిపోయారు.

నేను వెళ్లిననాడు ఆవిడని చూడలేదు. మగ్గం ముందు కూర్చున్న ఓ నడివయసావిడని చూశాను. తలమీద దుపట్టా, చూపు పోగుల మీంచి కదలదు. ఆమె నేస్తున్నది మష్రూ. ఆ మాటకి అర్థం అనుమతించినది అని. పూర్వం ముస్లిం మగవాళ్లు ఒంటికి పట్టు తగలనివ్వకూడదని నియమం ఉండేది. మరి పట్టు మీద మోజో? దానికి నేతగాడు కనిపెట్టిన ఉపాయం ఇది. పడుగు పట్టు, పేక నూలు. నేత ఎలా ఉంటుందంటే పైవైపు పట్టు తళతళలాడుతుంది, ఒంటికి తగిలేవైపు నూలు మెత్తగా ఉంటుంది. నియమమూ నిలిచింది, సోకూ తీరింది! మన ఎండలకి లోపల నూలుంటే ఎంత హాయో వేరే చెప్పాలా? ఇంత ఆలోచన ఒక గజం గుడ్డలో దాగి ఉంది.

ఇక హిమ్రూ మగ్గాల సంగతి. పాతకాలపు హిమ్రూ మగ్గంలో పువ్వు రావాలంటే ఏ వరుసలో ఏ పడుగు పోగు లేవాలో, ఏది కింద ఉండాలో ముందే దారాలకి ముడులేసి కట్టి ఉంచుతారు. దాన్ని జాలా అంటారు. ఆ దారాలు లాగితే సరిగ్గా ఆ పోగులే లేస్తాయి. మగ్గానికి పాఠం బట్టీ పట్టించడమన్నమాట. 1804లో ఫ్రాన్స్‌లో జకార్డ్ అనే ఆయన ఆ ముడుల పనిని చిల్లుల అట్టలతో చేయించాడు. చిల్లుంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఇంగ్లండులో బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆ అట్టలనే వాడుకుందామనుకున్నాడు. అమెరికాలో హోలెరిత్ 1890 జనాభా లెక్కల్ని చిల్లుల కార్డుల మీదే లెక్కపెట్టాడు. ఆయన కంపెనీయే మరికొన్నిటితో కలిసి, చివరికి 1924లో ఐబీఎం అని పేరు పెట్టుకుంది.

ఈ ముక్క మా వారికి రాత్రి పాలు ఇస్తూ చెప్పాను. "కంప్యూటర్‌కి ముత్తాత మగ్గమేనండీ. చిల్లు ఉందా లేదా, ఒకటా సున్నానా. మీరు చేసేదీ అదే కదా" అన్నాను. మజ్జిగ తెస్తానని వంటింట్లోకి పారిపోయిన రోజున చెప్పాల్సిన జవాబు కాస్త ఆలస్యంగా వచ్చిందనుకోండి. ఆయన గ్లాసు పట్టుకుని కాసేపు ఆలోచించి, "జకార్డ్ సంగతి మాకు ఫస్టియర్‌లో చెప్పారు. మర్చిపోయాను" అన్నారు.

నేనేదో రేపటి నుంచి చేనేత తప్ప కట్టనని శపథం పట్టానని అనుకోకండి. ఇంట్లో కట్టుకునేవి సింథటిక్ చీరలే. ఉతికి ఆరేస్తే గంటలో ఆరిపోతాయి, గంజి అక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు. నెలవారీ సంసారంలో ఎనిమిది వేల చీర ఎన్నిసార్లు కొనగలం? కానీ ఏడాదికి అయిదు అద్దకపు చీరలు కొనే డబ్బుతో ఒక నేత చీర వస్తుందని లెక్క వేసుకున్నాను. అందులో ఎవరి భుజం ఎన్నిసార్లు తిరిగిందో తెలిశాక బేరమాడటానికి మాత్రం నోరు రావడం లేదు.

బట్ట కథ కూడా చెబుతుందని సినిమావాళ్లకి ఎప్పుడో తెలుసు. 2018లో మహానటి వచ్చింది కదా, అందులో సావిత్రి చీరలు చూసి మా అత్తమ్మ "గప్పటి చీరలే!" అని సీట్లోంచి లేచినంత పనిచేసింది. ఆ చీరల వెనక మన హైదరాబాద్ డిజైనర్ గౌరంగ్ షా ఉన్నారు. ఆ సినిమా దుస్తులకి ఆయనకీ, మరో ఇద్దరికీ కలిపి జాతీయ అవార్డు వచ్చింది. ఇది మా వారికి చెప్పలేదు. అన్నీ ఒకేసారి చెబితే అరగవు.

మొన్న శుక్రవారం అత్తమ్మ తన ట్రంకుపెట్టె తీసింది. అడుగున, పాత పేపరులో చుట్టిన తేలియా రుమాలు ఒకటి. ఎరుపు, నలుపు, తెలుపు గళ్లు. నూలుని ఆముదపు కాయల బూడిదలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి చేసేది కాబట్టి ఆ పేరు. ఒకప్పుడు చీరాల నుంచి అరబ్బు దేశాల దాకా వెళ్లినవి అవి. ఇది మా మామగారి నాన్నగారిదట. ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా నూనె వాసన ఇంకా ఉందో, ఉందనుకున్నానో మరి. దాన్ని మనవరాలి చేతిలో పెట్టింది. అది నేలమీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, పెన్సిల్‌తో గళ్లు లెక్కపెట్టుకుంటూ కాగితం మీద దించుకోవడం మొదలుపెట్టింది.

ఆఫీసు నుంచి వచ్చిన మా వారు ట్యాగు మెళ్లోంచి తీయకుండానే అక్కడ చతికిలబడ్డారు. ఓ కొస పట్టుకుని అటు తిప్పారు, ఇటు తిప్పారు.

"ఇందులో ఏది పైవైపు?" అన్నారు.

"రెండూ" అంది అత్తమ్మ.

దరఖాస్తు ఇంకా నింపలేదు. ఫీజెంతో, ఆఖరి తేదీ ఎప్పుడో మాత్రం నిన్న ఆయనే అడిగారు.